‘1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ హాట్ రాడ్’ అని అమ్మకానికి పెట్టారు, కొనచ్చా?

మీరు అడిగింది ఇది: ప్రకటనలో 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని చిన్న కారు) హాట్ రాడ్ (పాత కారుకి ఇంజిన్, బాడీ మార్చి వేగంగా పరిగెత్తేలా కట్టిన బండి) అని ఉంది, మడ్‌గార్డులు లేని హైబాయ్, 350 షెవీ (షెవర్లే) ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, 46 వేల డాలర్లు చెప్తున్నారు, ఫొటోల్లో అద్దంలా మెరిసిపోతోంది. కొనచ్చా, కొంటే తర్వాత ఎప్పుడైనా హైదరాబాద్ తెచ్చుకోవచ్చా అని.

కొనచ్చు. కాకపోతే మీరు డబ్బిచ్చేది 1932కి కాదని ముందే అనుకుని వెళ్లండి.

నేనూ ఈ మోజులో పడి లేచినవాణ్ణే. ఉండేది దక్షిణ కాలిఫోర్నియాలో, రివర్‌సైడ్ దగ్గర. ఒక బండి కొనబోయి వదిలేశాను, ఇంకోటి కొని మూడేళ్లు నడిపి అమ్మేశాను.

ఆ ఏడాది మీద అంత పిచ్చి ఎందుకంటే, సామాన్యుడు కొనగలిగే ధరలో ఫోర్డ్ మొదటిసారి వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఇచ్చింది 1932లోనే. 221 క్యూబిక్ ఇంచుల ఇంజిన్, 65 హార్స్‌పవర్. ఇక్కడి కుర్రాళ్లు ఇలాంటి పాత ఫోర్డులు చవగ్గా కొని, మడ్‌గార్డులూ టాపూ పీకేసి, మురాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పందేలు వేసేవాళ్లు. ఆ పందేలు నడిపే ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) 1937లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ మోజు ఊరూరా పాకింది. 1955లో షెవీ చిన్న వీ8 వచ్చాక ఫోర్డ్ బాడీలో షెవీ ఇంజిన్ పెట్టడం మామూలైపోయింది. కాబట్టి మీరు చూసిన బండిలో షెవీ ఇంజిన్ ఉందని కంగారు పడక్కర్లేదు.

తొంభై ఏళ్లు దాటిన రేకు ఎన్ని బళ్లకి మిగులుతుంది చెప్పండి? ఇవాళ ‘32’ పేరుతో తిరిగేవాటిలో చాలావాటికి బాడీ ఫైబర్‌గ్లాసే. కాస్త ఖరీదైనవాటికి ఒహాయోలో బ్రూక్‌విల్ వాళ్లు కొత్త ఉక్కు రేకుతో చేసి అమ్మే బాడీ. ఫ్రేమూ చాలాసార్లు కొత్తదే. దీన్ని నేను మోసం అనను. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుండేది. కంపెనీ నుంచి బోడి ఛాసిస్ వస్తే దాని మీద క్యాబిన్, బాడీ అన్నీ అక్కడే కట్టేవాళ్లు. లారీ కొనేవాళ్లు ముందు అడిగేది ‘ఏ మేస్త్రీ కట్టాడు?’ అనే. హాట్ రాడ్ కూడా అచ్చం అంతే, ఒకడి చేతిపని కొంటున్నారు మీరు.

నేను వదిలేసిన బండి పసుపుపచ్చది. ‘అసలైన 1932 ఉక్కు’ అని రాశాడు. రుమాల్లో చిన్న అయస్కాంతం చుట్టుకుని వెళ్లాను (రుమాలు లేకపోతే పెయింటు గీసుకుపోతుంది, జాగ్రత్త). బానెట్ మీద టక్కున అతుక్కుంది. తలుపు దగ్గర అతుక్కుని జారింది. వెనక చక్రం పైన అసలు నిలవనే లేదు. వేలితో కొడితే డబ్బా మోత రావాల్సిన చోట మట్టిగోడ మోత. లోపలంతా పుట్టీ. పైన పటారం లోన లొటారం. అదొక్కటే అయితే బేరమాడేవాణ్ణేమో. నన్ను భయపెట్టింది నంబరు. 1932లో ఫోర్డ్ నంబరుని ఎడమవైపు ఫ్రేమ్ పట్టీ మీద కొట్టేది, వీ8 అయితే అది 18తో మొదలవుతుంది. ఈ బండికి ఫ్రేమ్ మీద ఏమీ లేదు, ఇంజిన్ వెనక గోడకి రివెట్లు కొట్టిన చిన్న అల్యూమినియం రేకు ముక్క ఉంది. అడిగితే, ‘పాత టైటిల్ (బండి ఎవరిదో చెప్పే కాగితం) ఒకటి దొరికింది, దాని నంబరే చెక్కించాను’ అన్నాడు, చాలా మామూలుగా! టీ కూడా తాగకుండా వచ్చేశాను. అలాంటి కాగితంతో రిజిస్ట్రేషన్‌కి వెళితే తనిఖీలో నంబరు దగ్గరే ఆగిపోతాం, డబ్బు తీసుకున్నవాడు మాత్రం హాయిగా ఉంటాడు.

కాలిఫోర్నియాలో నిజాయితీ దారి వేరే ఉంది. ఇలా కొత్తగా కట్టిన బళ్లని ‘స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్’ అని రిజిస్టర్ చేస్తారు. ఎస్‌బీ 100 అనే చట్టం కింద ఏటా 500 బళ్లకి, పొగ పరీక్షలో అవి ఏ ఏడాది కారుని పోలి ఉన్నాయో ఆ ఏడాది లెక్కే వర్తిస్తుంది. మీ అమ్మకందారు ఇదే రాష్ట్రంవాడైతే టైటిల్ మీద ఏం రాసుందో అడగండి. ఫైబర్ బాడీ ఉండి టైటిల్ మీద ఉత్త ‘1932 ఫోర్డ్’ అని ఉంటే అక్కడే ఆగండి.

నేను కొన్నది ఫైబర్‌గ్లాస్ బండే, 34 వేలు. కట్టింది లేత్ పని చేసి రిటైరైన పెద్దాయన. బండితో పాటు అరచేతి మందం ఫైలు ఇచ్చాడు, ప్రతి బోల్టుకీ బిల్లు. ఆ ఫైలు విలువ నాకు రెండో నెలలో తెలిసింది. ఒకరోజు ఫ్రీవే దిగుతుంటే మాడు వాసన. పక్కకి ఆపి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంది. బ్రేకు పెడల్ మీద కాలు లేకపోయినా ప్యాడ్లు డిస్కుని వదలట్లేదు. ఇలాంటి బళ్లలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసేది) కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంటుంది, అంటే చక్రాల దగ్గరి బ్రేకుల కన్నా కిందకి. ఆయిల్ వెనక్కి జారకుండా లైన్లో చిన్న వాల్వులు పెడతారు: ముందు డిస్కుకి 2 పౌండ్ల ఒత్తిడి నిలిపేది, వెనక డ్రమ్ముకి 10 పౌండ్లది. ఫైల్లో రెండిటికీ బిల్లులున్నాయి, కాబట్టి వస్తువులు సరైనవే. పాపం ఆ పెద్దాయనే ముందుది వెనక, వెనకది ముందు బిగించాడు! వాల్వులు మార్చి, బ్రేకు లైన్లో గాలి తీసేసరికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఫైలు లేకపోతే నెల రోజులు మెకానిక్కుల చుట్టూ తిరిగేవాణ్ణి.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమనండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు అది ఎలా మొరాయిస్తుందో దాచాడనే అర్థం. తర్వాత ట్రాఫిక్‌లో ఓ ఇరవై నిమిషాలు నడపండి. ఆ సన్నటి గ్రిల్లు వెనక పెద్ద రేడియేటర్ పట్టదు, వేడి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడాలి. 45 మైళ్ల దగ్గర చిన్న గతుకు ఎక్కించండి. స్టీరింగ్ వణికి వణికి ఆగకపోతే ముందు యాక్సిల్ అమరికలో తేడా ఉన్నట్టే.

ఇంకో మాట, రోడ్‌స్టర్‌కి తలుపుల్లో పైకి ఎక్కించే కిటికీ అద్దాలు ఉండవు. మా ఆవిడ రెండుసార్లే ఎక్కింది. రెండోసారి వాన పడింది.

హైదరాబాద్ సంగతి మరిచిపోండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు దాటడమే కాదు, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. హాట్ రాడ్ అంటేనే ఆ మూడూ మార్చిన బండి.

ధర అంటారా, ఫైబర్ అయితే 46 వేలు నాకు ఎక్కువనిపిస్తోంది, మంచి ఉక్కు బాడీ, బిల్లులు ఉంటే ఆలోచించచ్చు. నాది 31 వేలకి అమ్మాను. కట్టించినవాడు పెట్టిన ఖర్చు వాడికి ఎప్పుడూ తిరిగి రాదు, అందుకే కట్టించుకునే కన్నా కట్టింది కొనడమే చవక. బయల్దేరే ముందు టైటిల్ ఫొటో, బండి మీద నంబరు ఫొటో, బాడీ బిల్లు పంపమనండి. పంపనంటే మీకు పెట్రోలు ఖర్చు మిగిలినట్టే.