యూరప్ జాజ్ కొరుకుడు పడకపోతే ముందు బాస్ ఒక్కటీ పట్టుకుని వినండి

అమెరికా వాళ్ళు మైల్స్ డేవిస్, కోల్ట్రేన్ బాగా నచ్చారు గానీ యూరప్ వాళ్ళ ఫ్రీ జాజ్ (బాణీ, తాళం కట్టుబాట్లు పెద్దగా లేకుండా అప్పటికప్పుడు వాయించేది) పెడితే అరుపులూ కేకలే వినిపిస్తున్నాయి, అసలిది సంగీతమేనా, వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. సంగీతమేనండి. మీరు మొదలుపెట్టిన చోటే ఇబ్బంది. నేనూ సరిగ్గా అక్కడే మొదలుపెట్టి, నాలుగు నిమిషాల్లో ఆపేసి, రెండేళ్ళు మళ్ళీ ఆ వైపు చూడలేదు.

ఉద్యోగం మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరేళ్ళు ఉన్నాను. వెళ్ళిన కొత్తలో నాకు జాజ్ ఇష్టమని తెలిసి ఆఫీసులో ఒకాయన జర్మన్ సాక్సఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రోట్జ్‌మన్ రికార్డు 'మెషిన్ గన్' వినమన్నాడు. సాయంత్రం రైల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం మొదలుపెట్టగానే మూడు సాక్సఫోన్లు ఒక్కసారిగా మీద పడ్డాయి, వాటి వెనక ఇద్దరు డ్రమ్మర్లు, రెండు బాస్‌లు (నిలబెట్టి వాయించే, మనిషెత్తు వయొలిన్ లాంటివి), ఒక పియానో. టెన్షన్‌తో దవడలు బిగుసుకుపోయాయి. స్టేషన్ రాకముందే తీసేసి, ఇది మన వల్ల కాదులే అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత మా ఇంటి దగ్గర పాత రికార్డులమ్మే చిన్న షాపులో, అది నడిపే పెద్దాయన (డెబ్భై దాటి ఉంటాయి) నేను ఎప్పుడూ అమెరికన్ రికార్డుల దగ్గరే నిలబడటం చూసి, పోలండ్‌లో వేసిన ఒక ఎల్‌పీ తీసి చేతిలో పెట్టాడు. పోలండ్ పియానిస్టు క్షిష్టోఫ్ కొమెదా చేసిన 'అస్టిగ్మాటిక్'. "మొదటిసారి బాస్ ఒక్కటే విను, మిగతావాళ్ళని పట్టించుకోకు, ఆ బాస్ వాయించినవాడు మన ఊరివాడే" అన్నాడు. నాకు ఈ సంగీతంలోకి దారి చూపించింది ఆ మాటే. మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి.

ఆ రికార్డు 1965 డిసెంబరులో వార్సాలో చేశారు. కొమెదా వృత్తికి చెవి, ముక్కు, గొంతు డాక్టరు. పోలండ్‌లో స్టాలిన్ కాలమంతా జాజ్‌ని పైవాళ్ళు మంచి కంటితో చూడలేదు, ఇళ్ళల్లో గుట్టుగా వాయించుకునేవాళ్ళు. 1956లో సోపోట్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో పెద్ద జాజ్ పండుగ జరిగితే అందులో ఈయన బృందం కూడా వాయించింది. ఆ రోజుల్లో వాళ్ళకి పాఠం చెప్పింది చాలావరకు రేడియోనే. 1955 నుంచి అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ జాజ్ కార్యక్రమం వచ్చేది, దాన్ని చెవులు రిక్కించుకుని విని నేర్చుకున్నారు. అలా ఓ పదేళ్ళు అమెరికా వాళ్ళలా వాయించడానికి ప్రయత్నించి, ఆ తర్వాత మనం మనలాగే వాయిద్దాం అనుకున్న చోట పుట్టింది ఈ రికార్డు. అందుకే ఇందులో అమెరికా జాజ్‌లో మనకు అలవాటైన బ్లూస్ (అక్కడి నల్లవాళ్ళ పాటల బాణీ) ఛాయ దాదాపు లేదు, దాని బదులు చలికాలపు పొద్దులాంటి ఒక దిగులు పరుచుకుని ఉంటుంది.

మొదటి వైపంతా ఒకటే రచన, ఇరవై మూడు నిమిషాలు. పెద్దాయన చెప్పినట్టే దీపం ఆర్పేసి బాస్ ఒక్కదాని వెనకాలే వెళ్ళాను. వాయించినవాడు గ్యుంటర్ లెంట్స్, ఫ్రాంక్‌ఫర్ట్ మనిషి. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్ళే అయింది, జర్మన్లు నేలమట్టం చేసిన వార్సాలోనే ఒక జర్మన్ బాస్ పట్టుకుని, పక్కన రూనె కార్ల్‌సన్ అనే స్వీడన్ డ్రమ్మర్‌తో కలిసి, ఇరవై మూడేళ్ళ తోమష్ స్తాంకో ట్రంపెట్‌ని, నమిస్వోవ్‌స్కీ ఆల్టో సాక్స్‌ని మోస్తున్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. నడక మారినప్పుడల్లా అందరికంటే ముందు అతని వేళ్ళకి తెలిసిపోతుంది, తీగ ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు మిగతావాళ్ళు మలుపు తిరుగుతారు. మన కచేరీలో మృదంగం మీద చెవి పెట్టి వింటే పాటగాడు ఎటు పోతున్నాడో ముందే తెలుస్తుంది చూడండి, అలాగే. మూడోసారికి స్తాంకో ట్రంపెట్ నాకు అరుపులా వినిపించడం మానేసింది. కొమెదా తన పియానో చాలా తక్కువ వాయిస్తాడు, అవసరమైన చోట నాలుగు స్వరాలు పెట్టి చేయి తీసేస్తాడు. నా లెక్కలో యూరప్ నుంచి వచ్చిన జాజ్ రికార్డులన్నిటిలోకీ ఇదే గొప్పది, దీని గురించి ఎవరితోనైనా వాదించడానికి నేను సిద్ధం.

మరీ మెత్తగా మొదలుపెట్టాలనుకుంటే స్వీడన్ పియానిస్టు యాన్ యోహాన్‌సన్ 1964లో తెచ్చిన 'యాజ్ పో స్వెన్‌స్కా' వినండి, పియానో, గ్యోర్గ్ రీడెల్ బాస్, అంతే. అన్నీ వాళ్ళ పల్లె పాటలు. చిన్నపిల్లలకి కూడా నచ్చుతుంది. 1968లో కారు ప్రమాదంలో పోయాడు పాపం, నలభై కూడా నిండలేదు.

మన వైపు నుంచి ఒక దారి కావాలంటే అదీ ఉంది. అదే గ్యుంటర్ లెంట్స్, ట్రాంబోన్ వాయించే ఆల్బర్ట్ మాంగెల్స్‌డార్ఫ్ బృందంలో కూడా ఉన్నాడు. వీళ్ళని 1964లో జర్మనీ సాంస్కృతిక సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ ఆసియా అంతా తిప్పింది. తిరిగొచ్చి చేసిన 'నౌ జాజ్ రామ్‌వాంగ్'లో రవిశంకర్ 'పథేర్ పాంచాలి' సినిమాకి కట్టిన బాణీ వాయించారు. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, సితార్‌లా వినిపించాలన్న తాపత్రయం ఎక్కడా లేదు, ఆ బాణీని తమ ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుంది. లండన్‌లో ఉన్న జమైకా సాక్సఫోన్ వాద్యకారుడు జో హారియట్, కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ కలిసి 1966లో తెచ్చిన 'ఇండో జాజ్ సూట్' పేరు మీరు వినే ఉంటారు. దాని విలువ దానిదే, నాకైతే అందులో రెండు బృందాలూ పక్కపక్కన కూర్చున్నట్టుంటుంది గానీ కలిసినట్టు ఉండదు. హారియట్ అసలు గొప్పతనం తెలియాలంటే అంతకు ముందు 1960లో రికార్డు చేసిన 'ఫ్రీ ఫామ్' వినండి. ఆయన 1973లో నలభై నాలుగేళ్ళకే పోయాడు, బతికుండగా దక్కాల్సినంత పేరు దక్కలేదు.

లండన్ అంటే ఇంకొకటి. 1968 ఫిబ్రవరిలో స్పాంటేనియస్ మ్యూజిక్ ఎన్‌సెంబుల్ అనే బృందం వాళ్ళు రికార్డు చేసిన 'కార్యోబిన్'. ఆ పేరు స్వర్గంలో ఉండే ఊహాపక్షులకి జపాన్ వాళ్ళు పెట్టుకున్నది, మూలం మన సంస్కృతంలోని కలవింకమే, నిఘంటువులో పిచ్చుక అని అర్థం దొరుకుతుంది. ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే ఆ సంగీతం అచ్చం తెల్లవారుజామున చూరు కింద పిచ్చుకల్లానే ఉంటుంది, ఒకటి కూత పెట్టగానే ఇంకొకటి అందుకుంటుంది, పెద్ద గొంతు ఎవరిదీ కాదు. డ్రమ్స్ వాయించిన జాన్ స్టీవెన్స్ తన వాళ్ళకి చెప్పే సూత్రం ఒకటుంది: పక్కవాడు నీకు వినపడటం లేదంటే నువ్వు మరీ గట్టిగా వాయిస్తున్నట్టే. ఫ్రీ జాజ్ అంటే ఎవడికి తోచింది వాడు వాయించుకోవడం అనుకునేవాళ్ళకి నేను ముందు ఈ మాట చెప్తాను.

ఇవన్నీ ఓ రెండు మూడు నెలలు విన్నాక అప్పుడు 'మెషిన్ గన్' దగ్గరికి రండి. 1968 మేలో బ్రెమెన్‌లో లీలా ఐలె అనే క్లబ్బులో ఎనిమిది మంది కలిసి చేశారు. బ్రోట్జ్‌మన్ వయసు అప్పుడు ఇరవై ఏడు, చదివింది బొమ్మలు గీయడం. ఏ కంపెనీ కోసమూ చూడకుండా సొంతంగా మూడొందల కాపీలు వేసుకున్నాడు. 'మెషిన్ గన్' అన్నది అతని వాయింపు విని అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు డాన్ చెర్రీ పెట్టిన ముద్దుపేరు. తండ్రుల తరం యుద్ధంలో చేసిన ఘోరం గురించి ఇళ్ళల్లో ఎవరూ నోరు మెదపని దేశంలో పెరిగిన కుర్రాళ్ళు వాళ్ళు, ఆ కోపం ఈ సంగీతంలో ఉందని బ్రోట్జ్‌మన్ తర్వాత తనే చెప్పాడు.

నేను రెండోసారి విన్నది ఇండియా వచ్చినప్పుడు, చెల్లి పెళ్ళయిన మర్నాడు. ముందురోజు తాళి కట్టే వేళ పంతులుగారు గట్టిమేళం అనగానే డోలూ సన్నాయీ ఒక్కసారి లేచాయి, నేను సన్నాయికి రెండడుగుల దూరంలో అక్షింతలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన బుగ్గలు ఉబ్బి, మెడ నరాలు తేలి, ఆ ధ్వని చెవుల్లోకి కాదు పక్కటెముకల్లోకి దిగింది. అంత చప్పుడులో నాకు ఏడుపొచ్చింది గానీ గోల అనిపించలేదు. మర్నాడు మేడ మీద 'మెషిన్ గన్' పెట్టుకుని, ఈసారి బాస్‌లు ఇద్దరినీ, పీటర్ కోవాల్డ్‌నీ బుషి నీబర్‌గాల్‌నీ వెతుక్కుంటూ విన్నాను. దొరికారు. సాక్సఫోన్లు కాసేపు తగ్గిన చోట్ల వాళ్ళ కమాన్ల రాపిడి స్పష్టంగా వినిపిస్తుంది. చివరికొచ్చేసరికి ఆ గందరగోళం లోంచి సాక్సులన్నీ కలిసి ఒక మొరటు డాన్స్ బాణీ ఎత్తుకుంటాయి, ఎనిమిది మందీ ఒకళ్ళనొకళ్ళు మొదటినుంచీ వింటూనే ఉన్నారని అక్కడ తెలిసిపోతుంది. నాలుగు నిమిషాలకే ఆపేసిన నాకు మొదటిసారి అది దక్కనే లేదు.

ఇప్పుడు దొరికే కాపీల్లో అదే రచన ఇంకో టేక్ (మరోసారి వాయించి రికార్డు చేసింది) కూడా కలిపి ఉంటుంది, మొత్తం ఒకేసారి పెట్టుకోకండి, మొదటి పదిహేడు నిమిషాలు విని ఆపండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, బాస్ అసలు వినపడదు.