షీటును చీల్చుకుని వచ్చేది గడ్డి కాదు, తుంగ

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నల్లనేల. ఇంటి వెనక 12 సెంట్లలో నాలుగు కొబ్బరి, రెండు నిమ్మ, ఒక మామిడి ఉన్నాయి. ఖాళీల్లో వంగ, టమాటా, బెండ వేసుకుంటాం. ఎరువు మా గేదెల పేడే. కలుపు పడలేక కిందటేడు పవర్ టిల్లర్‌తో రెండుసార్లు దున్నించి, 25 మైక్రాన్ల మందం మల్చింగ్ షీటు (కలుపు రాకుండా నేల మీద పరిచే ప్లాస్టిక్) పరిచాం. నెల తిరక్కుండానే గడ్డి షీటును పొడుచుకుని పైకొచ్చింది. షీటు నాసిరకమని నా అనుమానం. మందుల షాపాయన 100 మైక్రాన్లది వేయమంటున్నాడు, లేకపోతే గ్లైఫోసేట్ అనే కలుపు మందులో ఉప్పు కలిపి కొట్టమంటున్నాడు. పాత ఫ్లెక్సీలు పరిస్తే పైసా ఖర్చుండదని మా బావమరిది అంటాడు. తక్కువ ఖర్చులో నేల మీద ఏం పరిస్తే కలుపు రాదు?

జవాబు: షీటు తప్పేం లేదు. మూడు నాలుగు నెలల కూరగాయలకు 25 మైక్రాన్లు సరిపోతుంది. మీరు పంపిన ఫొటోలో షీటును పొడుచుకొచ్చింది గడ్డి కాదు, తుంగ. అనుమానముంటే ఒక పూత కాడను తెంపి వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. గడ్డి కాడ అలా ఉండదు. తర్వాత పారతో ఒక మొక్కను వేళ్లతో సహా లేపండి. సన్నటి తీగకు గొలుసులా నల్లటి గింజ దుంపలు కనిపిస్తాయి. ఆ దుంపలోంచి వచ్చే మొలక మొన సూదిలా ఉంటుంది కాబట్టి పలచటి ప్లాస్టిక్‌ను సునాయాసంగా పొడుస్తుంది. 100 మైక్రాన్ల షీటు ఇంకాస్త ఆపుతుంది, నిజమే. కానీ అది ఏళ్ల తరబడి ఉండే పండ్లతోటల కోసం. కూరగాయ మొక్కకు మీరు పెట్టిన ప్రతి కన్నంలోంచీ తుంగ తల ఎత్తుతుంది, దుంపలు కింద భద్రంగానే ఉంటాయి. దాని మీద డబ్బు పోయకండి.

పవర్ టిల్లర్ దున్నకం మీకు ఇంకా చేటు చేసింది. గొలుసులో ఉన్నంతసేపూ చాలా దుంపలు నిద్రలో ఉంటాయి. గొలుసు తెగిందంటే విడిపడిన ప్రతి దుంపా మొలకెత్తుతుంది. తుంగ ఉన్న నేలలో రోటవేటర్ గానీ టిల్లర్ గానీ తిప్పించడమంటే దాన్ని దొడ్డంతా నాటించుకోవడమే.

ముందు చేయాల్సింది పరచడం కాదు, తవ్వడం. మే నెలలో, నేల బాగా ఎండాక, పలుగుతో జానెడు లోతుకు పెళ్లలు పెళ్లలుగా తిరగేయండి. దుంపల్లో ఎక్కువ భాగం ఆ లోతులోనే ఉంటాయి. రోహిణి ఎండకు పెళ్లలను అలాగే వదిలేస్తే దుంపల్లో తడి పోయి చస్తాయి. మధ్యలో నీళ్లు పెట్టారా, మళ్లీ లేస్తాయి. చేతికి దొరికిన దుంపలను డాబా మీద ఎండబెట్టి తగలబెట్టండి. ఎరువు దిబ్బలో మాత్రం వేయొద్దు. 12 సెంట్లూ ఒక్క ఏడాదిలో కాకపోతే కూరగాయల మడుల వరకే చేయండి. తొలకరి తర్వాత లేచిన తుంగను ప్రతి రెండు వారాలకు ఒకసారి, నాలుగైదు ఆకులు వేయకముందే, లాగేస్తూ ఉండాలి. దుంపలో నిల్వ ఉన్న శక్తి అయిపోయేదాకా ఇది తప్పదు. ఒక సీజన్ పడుతుంది, రెండూ పట్టొచ్చు.

మిగతా కలుపు, అంటే గలిజేరు, ఊద, ముళ్ల తోటకూర లాంటివి, చాలావరకు మీ పేడతోనే వస్తున్నాయి. గేదె మేసిన ముళ్ల తోటకూర గింజ పేడలో చావకుండా బయటికొస్తుంది. పచ్చి పేడ మడిలో పోసి, దాని మీద షీటు కప్పి, కలుపెందుకొస్తోందని అడిగితే ఎలా? దిబ్బను మూడు వారాలకోసారి తిరగేస్తూ, తడి ఆరకుండా చూస్తూ, మూడు నాలుగు నెలలు మాగనివ్వండి. లోపలికి చెయ్యి పెడితే వేడికి వెనక్కి తీసుకోవాలి. ఆ వేడికే గింజలు చస్తాయి.

ఇప్పుడు పరిచే సంగతి. మీ ప్రాంతంలో వరిగడ్డిని మించింది లేదు. యంత్రంతో కోసిన గడ్డిలో తాలుతో పాటు ఒడ్లు, ఊద గింజలు మిగిలిపోతాయి. కాబట్టి పరిచే ముందు పెరట్లో విప్పి రెండు మూడు రోజులు కోళ్లను వదలండి. ఏరుకోవడం వాటి పని. కొత్త గడ్డి కంటే వానకు తడిసి రంగు మారిన పాత గడ్డే మేలు, పశువులకు పనికిరానిది చవకగానూ దొరుకుతుంది. మందం నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. వదులుగా పరిస్తే సెంటుకి దాదాపు 100 కిలోలు పడుతుంది. నెలకి అది సగానికి అణుగుతుంది, అప్పుడు పైన ఇంకాస్త వేయాలి. రెండు అంగుళాలు పలచగా చల్లి గడ్డి పనిచేయలేదని చెప్పేవాళ్లే ఎక్కువ. నారు నాటిన మూడు వారాలకు, ఒకసారి కలుపు తీసి, నీళ్లు పెట్టాక పరవండి. మట్టిలో కలిపేయకండి. కలిపితే అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్క పసుపెక్కుతుంది.

తుంగ ఎక్కువున్న మడుల్లో గడ్డి కింద అట్టపెట్టెలు వేయండి. కిరాణా కొట్టులో అడిగితే ఇస్తారు. టేపు, పిన్నులు పీకేసి, రెండు పొరలుగా, అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా పరిచి, నీళ్లతో తడిపి, ఆపైన గడ్డి వేయాలి. మెరుపు పూత ఉన్న అట్టలు వద్దు. అట్ట ఒక సీజన్ ఆగుతుంది. దాన్ని కూడా అక్కడక్కడా తుంగ పొడుస్తుంది, కానీ నీరసంగా, తెల్లగా వస్తుంది. లాగేయడం తేలిక.

మొక్క మొదలుకు మూడు అంగుళాల దూరం వదలడం మరిచిపోవద్దు. వంగ, టమాటా మొదట్లో తడి గడ్డి ఆనుకుంటే వానల్లో మొదలు కుళ్లు వస్తుంది. తెల్లటి బూజు మీద ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే అదే. ఆ మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. ఇంటి గోడకు మూడు నాలుగు అడుగుల లోపల కూడా గడ్డి పరవొద్దు. ఎలుక చేరుతుంది, ఎలుక వెంట పాము వస్తుంది.

కొబ్బరి పాదుల్లో గడ్డి దండగ. చెట్టు చుట్టూ ఆరడుగుల మేర డొక్కలను బోర్లించి పేర్చండి, చెట్టుకు వంద వరకు పడతాయి. మట్టలు నరికి వేసినా చాలు. పత్తి కట్టె ఉచితంగా దొరుకుతుంది కదా అని తేవద్దు. విచ్చని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని ఉంటుంది, మీ పెరటి నుంచి ఊరి పత్తికి ఎక్కుతుంది. ఎండుతెగులు సోకిన చేలోని మిరప కట్టె కూడా వంగ, టమాటా మడుల దరికి రానివ్వద్దు.

ఫ్లెక్సీ గురించి మీ బావమరిదికి చెప్పండి, ఖర్చు లేదన్నమాటే గానీ, అది నీళ్లను నేలలోకి దిగనివ్వదు. నల్లనేలలో వాన పడితే ఒకవైపు నిలవ, ఇంకోవైపు ఎండు. రెండు వేసవులు గడిస్తే రంగు పూత పొరలు పొరలుగా రాలి, లోపలి దారాలు పోగులుగా విడిపోతాయి. పలుగు వేసిన ప్రతిసారీ వాటిని చేత్తో ఏరుకోవాలి.

అన్నిటికంటే చవకైన కప్పు నీడ. తుంగకు నీడంటే గిట్టదు. తొలకరికి ఖాళీగా ఉండే మడుల్లో జనుము ఒత్తుగా, సెంటుకి 200 గ్రాములు చల్లండి. 45 రోజులకు, పూత మొదలవగానే కోసి అక్కడే పరిచేయండి. గడ్డి కొనే పనే ఉండదు.

గ్లైఫోసేట్ సంగతి. దాన్ని లైసెన్సున్న పురుగు నివారణ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కూరగాయల్లో వాడుకోవడానికి దానికి ఎప్పుడూ అనుమతి లేదు. ఈ సంగతి మీకంటే మీ షాపాయనకు బాగా తెలిసి ఉండాలి. తుంగ ఆకుల మీద పడ్డ మందు దానికి అంటుకున్న దుంపను చంపుతుంది, నిద్రలో ఉన్న దుంపల జోలికి పోదు. గాలికి ఎగిరి టమాటా మీద పడితే మాత్రం కాపు పోయినట్టే. ఇక ఉప్పు! నీళ్లు సరిగా దిగని నల్లనేలలో ఉప్పు పోస్తే నేల గట్టిపడి, వేసిన మొక్కలు మాడిపోతాయి. ఆ నేలను మళ్లీ దారికి తేవడానికి జిప్సం కొనాలి, అది కూడా ఆయన దగ్గరే. సలహా ఇచ్చేవాడూ సరుకు అమ్మేవాడూ ఒక్కడే అయినప్పుడు సీసా కొనే ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఒక మాట అడగండి. ‘ఇది కాకపోతే అది’ అని పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందు చేతిలో పెట్టినా తీసుకోకండి. పొరపాటున లోపలికి పోతే దానికి విరుగుడు లేదు. పిల్లలు తిరిగే పెరట్లో అది ఉండాల్సిన వస్తువే కాదు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ ఫొటో మూలలో కనిపించింది: నిమ్మ చెట్టు మొదలు చుట్టూ పచ్చి పేడ, చెత్త కుప్పపోసి ఉన్నాయి. ఇవాళే అడుగు దూరం జరపండి. బెరడు మీద జిగురు కారుతుంటే అక్కడ కత్తితో గీకి, 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లతో బోర్డో పేస్టు చేసుకుని మొదలు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పూయండి. ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనుప పాత్రలో కాదు. వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక మరోసారి.