విద్యార్థుల యాప్‌లో క్యాలెండర్: నెలా, వారమా అన్నది తరువాత సంగతి

‘కాలేజీ విద్యార్థుల కోసం చేస్తున్న యాప్‌లో క్యాలెండర్ పెట్టాలనుకుంటున్నాం. నెలవారీగా చూపాలా, వారంవారీగా చూపాలా? విద్యార్థులతో దాన్ని ఎలా పరీక్షించాలి?’ అని మీరు అడిగారు. హైదరాబాదు శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల కోసం ఇలాంటి యాప్‌ మీదే పనిచేశాను కనుక కాస్త ధీమాగానే చెబుతున్నాను: నెలా, వారమా అన్న తర్జనభర్జనకు మీరు పెట్టే సమయంలో చాలా భాగం వృథా. మన కాలేజీల్లో పరీక్ష తేదీ అంటేనే వాయిదా పడేది. దాన్ని ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చూపించలేని క్యాలెండర్‌ను పిల్లలు కొద్ది రోజులు ముచ్చటపడి చూసి, ఆ తరువాత తెరవడం మానేస్తారు.

రెండో సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయిని కాలేజీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, మా నమూనా ఉన్న ఫోను చేతికిచ్చి, ‘సెకండ్ మిడ్ (సెమిస్టర్‌లో రెండో అంతర్గత పరీక్ష) ఎప్పటినుంచో ఇందులో చూసి చెప్పు’ అన్నాను. అతడు క్షణాల్లో ‘పద్దెనిమిది నుంచి అక్కా’ అన్నాడు. స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన కూర్చున్న నా సహోద్యోగి సంతోషంగా టిక్కు పెట్టుకున్నాడు. అంతలోనే ఆ అబ్బాయి మా ఫోను బల్ల మీద పెట్టేసి, జేబులోంచి తన ఫోను తీసి, క్లాసు వాట్సాప్ గ్రూపు తెరిచాడు. ఎందుకని అడిగితే, ‘కన్ఫర్మ్ చేసుకుందామని అక్కా, పోయినసారి కూడా మార్చారు కదా’ అన్నాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు, ల్యాబ్ రికార్డుల ఫొటోలు, ఎవరిదో పోయిన ఐడీ కార్డు, వీటన్నిటినీ దాటుకుంటూ పైకి వెళ్లి, నోటీసు బోర్డు మీది సర్క్యులర్‌ను ఎవరో పక్కనుంచి తీసిన ఫొటో దగ్గర ఆగాడు. ట్యూబ్‌లైటు వెలుగు పడి సగం అక్షరాలు కనిపించని ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, తేదీ ఉన్న వరుస జోలికి పోకుండా నేరుగా అడుగుకు జరిపాడు. ప్రిన్సిపాల్ పచ్చసిరా సంతకం, పక్కనే కాలేజీ ముద్ర కనబడ్డాక గానీ పైకి వచ్చి తేదీ చదవలేదు. చివరికి ఆ ఫొటో పంపింది ఎవరో చూసి, ‘సీఆర్ (క్లాసు ప్రతినిధి) పెట్టాడు, అయితే కరెక్టే అక్కా’ అని మా ఫోను మళ్లీ అందుకున్నాడు.

స్టాప్‌వాచ్ లెక్కలో మా క్యాలెండర్ పాసయింది. కానీ ఆ అబ్బాయి నమ్మింది సంతకాన్ని, సీఆర్‌ను. కాబట్టి ప్రతి తేదీ కింద మూల సర్క్యులర్ బొమ్మ ఒక్క నొక్కుతో తెరుచుకోవాలి. ఎక్కించినవారి హోదా, ఎక్కించిన సమయం కనిపించాలి. తేదీ మారితే పాతదాన్ని తుడిచేయకుండా గీత కొట్టి, ‘22వ తేదీకి మారింది’ అని ఆ పాత గడిలోనే రాయాలి, ఎందుకంటే విద్యార్థి మనసులో ఉన్నది ఆ పాత తేదీయే, వెతుక్కునేదీ అక్కడే. క్యాలెండర్ల మధ్య సమాచారం మార్చుకోవడానికి వాడే ఐక్యాలెండర్ ప్రమాణంలో (2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545) ఒక కార్యక్రమం ఎన్నోసారి సవరణకు గురైందో, చివరిసారి ఎప్పుడు మారిందో, రద్దయిందో లేదో చెప్పే గడులు ముందునుంచే ఉన్నాయి. ఆ ప్రమాణం రాసినవారికి వాయిదాల సంగతి తెలుసు. మన యాప్‌ల యజమానులకే తెలియదు. భారీ వర్షాలకు సెలవు ప్రకటిస్తారు, నెలవంకను బట్టి రంజాన్ సెలవు ఒకరోజు జరుగుతుంది, పోగొట్టుకున్న పనిదినానికి బదులుగా రెండో శనివారం కాలేజీ పెడతారు. ఇవన్నీ వదిలేసి, మిడ్‌లకు ఏ రంగు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్‌కు ఏ రంగు అని గంటల తరబడి సమావేశాలు జరపడం నేను కళ్లారా చూశాను.

ఇక మీరు అడిగిన నెల గళ్ల విషయం. మామూలు ఆండ్రాయిడ్ ఫోను తెర వెడల్పు 360 డీపీ (తెర మీది కొలతలకు ఆండ్రాయిడ్ వాడే ప్రమాణం) అనుకుంటే, వారంలోని ఏడు రోజులకు పంచితే ఒక్కో గడికి దాదాపు 51 డీపీ వస్తుంది. వేలితో నొక్కడానికి కనీసం 48 ఉండాలని గూగుల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి కనుక, అంచులు పోగా నొక్కడానికే బొటాబొటిగా సరిపోతుంది. అందులో ‘ఎంబెడెడ్ సిస్టమ్స్ అసైన్‌మెంట్’ అని రాయడానికి చోటెక్కడిది? చుక్కలు పెట్టి ఊరుకోవాలి. ఒత్తులూ గుడులూ ఉన్న తెలుగులో పెట్టాలంటే వరుసల ఎత్తు కూడా పెంచాలి. తేదీల వరుసలో రాబోయేవాటిని జాబితాగా చూపండి, నెల గళ్లను రెండో తెరకు పంపండి.

ఇంకో చిక్కు అర్ధరాత్రి. ‘అసైన్‌మెంట్ సోమవారం రాత్రి 12 లోపు’ అంటే మన పిల్లలకు అది సోమవారం ముగిసే వేళ. పంచాంగం లెక్కలోనూ సూర్యోదయం దాకా సోమవారమే. కంప్యూటర్‌కు మాత్రం సోమవారం అర్ధరాత్రి 12:00 (00:00) అంటే ఆదివారం ముగిసిన మరుక్షణం. గడువును రాత్రి 11:59 అని రాయడం ఒక్కటే దారి. రోజంతా సాగే సెలవును అర్ధరాత్రి సమయంతో దాస్తే, యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) అది ముందురోజు సాయంత్రం 6:30 అవుతుంది, దానినుంచి తేదీని కత్తిరించుకునే ప్రోగ్రామ్ సెలవును ముందురోజు తేదీ మీద చూపిస్తుంది. సమయం లేకుండా తేదీని మాత్రమే దాచాలి.

పరీక్షించేటప్పుడు ‘ఎలా ఉంది?’ అని మాత్రం అడగకండి. మొహమాటానికి అందరూ ‘బాగుంది’ అనే అంటారు. అయిదుగురితో పరీక్షిస్తే 85 శాతం లోపాలు బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాటను అందరూ వల్లిస్తారు గానీ, వాడేవారు వేర్వేరు రకాలైతే ఒక్కో రకం నుంచి కొందరిని తీసుకోవాలని ఆయన అదే వ్యాసంలో చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోరు. హాస్టల్‌లో ఉండేవారు, కాలేజీ బస్సులో వచ్చేవారు, డిప్లొమా తరువాత ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారు వేర్వేరుగా సమాచారం తెలుసుకుంటారు. పరీక్షను మిడ్‌ల ముందు వారంలోనే పెట్టండి, వారి నిజమైన టైమ్‌టేబుల్‌నే వాడండి, వారి సొంత ఫోను వారి దగ్గరే ఉండనివ్వండి.

మీ ప్రశ్నలో లేని మనిషి ఇంకొకరున్నారు: తేదీలు ఎక్కించేవారు. డిపార్ట్‌మెంట్ ఆఫీసులోని ఉద్యోగికో, సీఆర్‌కో ఆ పని గ్రూపులో ఫొటో పెట్టడం కంటే ఒక్క మెట్టు కష్టమైనా, వారు గ్రూపులో ఫొటో పెట్టి చేతులు దులుపుకుంటారు. అందుకే సర్క్యులర్ ఫొటోను వాట్సాప్ నుంచి నేరుగా యాప్‌కు షేర్ చేసి, తేదీ ఎంచి, క్లాసు ఎంచితే పని అయిపోయేలా చేయండి. విద్యార్థులకు నమూనా చూపించే ముందు దీన్ని ఆ ఆఫీసు ఉద్యోగి చేతికివ్వండి, అదీ ఫీజుల కౌంటరు ముందు వరుస కట్టి ఉన్న పూట.