ఐదుతో భాగించాలా, నాలుగుతోనా?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. మూడేళ్ల కిందట ఒక ఈక్విటీ ఫండ్‌లో ఒకేసారి పెట్టిన డబ్బు ఇప్పుడు 4 లక్షలైంది. అందులో లాభం 1.1 లక్షలు. ఇంకో రెండేళ్లలో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి 2.5 లక్షలు కావాలి. ఆ ఫండ్ ఐదేళ్ల రాబడి వరుసగా 6, 14, మైనస్ 4, 22, 12 శాతం. రాబడి సగటు చుట్టూ ఎంత ఊగుతుందో, అంటే ప్రమాదం ఎంతో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ కడితే నాకు 8.67 వచ్చింది. శ్రీకాకుళంలో లెక్కలు చెప్పే మా బావ కాదు, 9.70 అంటున్నాడు. ఫండ్ వాళ్లు పంపే కాగితంలో 13 ఉంది. ఎవరిది తప్పు? డబ్బు ఉంచమంటారా, తీసేయమంటారా?

జవాబు: ఎవరిదీ తప్పు కాదండీ. సగటు రాబడి 10. దాన్నుంచి ఏటేటా తేడాలు మైనస్ 4, 4, మైనస్ 14, 12, 2. వీటి వర్గాలు కూడితే 376. మీరు దాన్ని 5తో భాగించి వర్గమూలం తీశారు, ఇంటర్ పుస్తకంలో నేర్పేది అదే. మీ బావగారు 4తో భాగించారు. ఎక్సెల్‌లోనూ రెండు ఫార్ములాలున్నాయి: చివర 'పి' ఉన్నది మీది, 'ఎస్' ఉన్నది ఆయనది.

ఒకటి తగ్గించడం దేనికంటే, మీ పనిలోనే చూడండి. జీడిపిక్కల బస్తా కొనేముందు గుప్పెడు తీసి కోసి చూస్తారు. మీకు కావలసింది గుప్పెడు సంగతి కాదు, బస్తా సంగతి. గుప్పెట్లోంచే సగటు తీసి, ఆ సగటు నుంచే తేడాలు కొలిస్తే అవి అసలుకంటే కాస్త తక్కువగా కనిపిస్తాయి. పైన మొదటి నాలుగు తేడాలు కూడండి, మైనస్ 2 వస్తుంది. అన్నీ కలిస్తే సున్నా కావాలి కాబట్టి ఐదోది 2 తప్ప ఇంకోటి కాలేదు. సొంతంగా మాట్లాడేవి నాలుగే. అందుకే 4తో భాగారం. గడిచిన ఐదేళ్ల ముచ్చటే చాలనుకుంటే మీ లెక్క సరిపోతుంది. రాబోయే ఏళ్లను అంచనా వేయాలంటే నా ఓటు బావగారికే.

కాగితంలోని 13 వేరే సరుకు. చాలా ఫండ్లు మూడేళ్ల నెలవారీ రాబడులు తీసుకుని, వాటి డీవియేషన్‌ని 12 వర్గమూలంతో గుణించి ఏడాది లెక్కకు తెస్తాయి. అక్కడ 36 నెలలుంటాయి గనక 36తో భాగించినా 35తో భాగించినా తేడా ఒకటిన్నర శాతం కూడా ఉండదు.

అసలు వర్గాలే ఎందుకు, మైనస్ గుర్తులు వదిలేసి తేడాల సగటు తీస్తే పోలేదా? అలా చేస్తే 7.2 వస్తుంది. ఖగోళవేత్త ఎడింగ్టన్ అదే మేలన్నాడు. 1920లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఆ మాటను ఖండించి, గంట ఆకారపు పంపిణీలో (అంకెలు ఎక్కువగా సగటు దగ్గరే గుమిగూడి, దూరం పోయేకొద్దీ తగ్గిపోయేది) వర్గాల పద్ధతే గట్టిదని లెక్కలతో చూపించాడు. కాబట్టి ఇలాంటి తగువులు మీ బావామరదులతో మొదలైనవి కావు. నాకు గిట్టని సంగతి ఇంకోటుంది: మీకు 22 శాతం వచ్చిన మంచి ఏడాది కూడా ఆ 376లో 144 వాటా వేసుకుని ప్రమాదంగానే లెక్కకొచ్చింది!

ఇక రూపాయల్లో చూద్దాం. సగటు నుంచి రెండు డీవియేషన్లు కిందికి పోయిన ఏడాది వచ్చిందనుకోండి. మీ లెక్కన 4 లక్షల మీద పోయేది సుమారు 29 వేలు, బావగారి లెక్కన 37 వేల 5 వందలు. తగువంతా 8 వేల చిల్లర మీదన్నమాట. కానీ 2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడింది. మీ ఐదేళ్లలో అలాంటి ఏడాది లేదు కాబట్టి 8.67కీ తెలీదు, 9.70కీ తెలీదు. గుప్పెట్లోకి పుచ్చు పిక్క రాలేదంతే.

అందుకని ఫీజు డబ్బు 2.5 లక్షలు ఇప్పుడే తీసి, ఫీజు కట్టే నెలకు చేతికందేలా బ్యాంకు ఎఫ్‌డీలో వేయండి. ఏడాది దాటిన ఈక్విటీ లాభాల మీద ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు. మీ లాభం మొత్తమే 1.1 లక్షలు గనక, ఈ ఆర్థిక సంవత్సరంలో వేరే షేర్ల లాభాలు లేకపోతే పన్ను పడదు. ఎఫ్‌డీ వడ్డీ మాత్రం మీ ఆదాయంలో కలుస్తుంది. మిగిలిన లక్షన్నరతో ఐదారేళ్లు పని లేదనుకుంటే ఫండ్‌లోనే ఉంచండి, 13 చూసి బెదిరిపోకండి. వేరే ఫండ్‌తో పోల్చాలనిపిస్తే రెండిటికీ అదే కాలం, అదే కాగితంలోని అంకె తీసుకోండి. మీరు కట్టిన 8.67ని ఆ ఫండ్ కాగితంలోని అంకె పక్కన పెట్టొద్దు.