మార్కులు వేసే ముందు ఎదురుగా ఎవరున్నారో చూడు

తమ్ముడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రీసీజన్ మ్యాచ్, అంటే అసలు సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్, అయిన గంటన్నరకే రాసి పంపావంటే ఈ ఆటంటే నీకెంత ప్రాణమో తెలుస్తోంది, అది నాకు చాలా నచ్చింది. కానీ ఆ గంటన్నరలోనే ఇరవై రెండు మందికి పదికి ఇన్ని అని మార్కులు వేసేశావు చూడు, నా బాధంతా దాని గురించే.

మూడో క్వార్టర్‌లో దిగిన ఆ కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని, అదే జట్టు దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరేవాడిని, ఆకాశానికెత్తేశావు. అవతలి చివరి గీత దాటించి స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాస్ వేశాడు, సరే. అప్పుడు అతనికి ఎదురుగా ఉన్నది ఎవరు? నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఆ టైముకి అవతలి జట్టు అసలు డిఫెన్స్ వాళ్లు హెల్మెట్లు తీసి, టోపీలు పెట్టుకుని గీత బయట నిలబడి ఉంటారు. మైదానంలో ఉండేది చాలావరకు మూడో వరస వాళ్లే, వాళ్లలో ఎక్కువమందికి ఆగస్టు నెలాఖరు దాటాక ఆ జట్టులో చోటుండదు. పైగా కోచ్‌లు అసలు ఎత్తుగడలన్నీ సెప్టెంబర్‌కి దాచుకుని ప్రీసీజన్‌లో మామూలు ఆట ఆడిస్తారు, క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషుల్ని ఉరికించే బ్లిట్జ్‌లు కూడా పెద్దగా పంపరు. క్రికెట్లో వార్మప్ మ్యాచ్‌లో కొట్టిన సెంచరీని మనం ఎలా చూస్తామో నీకు తెలుసు కదా, ఇదీ అంతే. అదే కుర్రాడు మొదటి క్వార్టర్‌లో, మొదటి వరస డిఫెన్స్ మీద, మూడో డౌన్‌లో (పది గజాలకి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఎనిమిది గజాలు కావాల్సినప్పుడు పాస్ అందుకోవాల్సిన మొదటి రిసీవర్ దొరక్క రెండో వాడిని వెతికి పాస్ వేస్తే, అది ఆ టచ్‌డౌన్ కన్నా చాలా విలువైంది, పాస్ చేజారినా సరే.

స్కోరు మీద అయితే అసలు ఆధారపడకు. 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగూ గెలిచి సీజన్‌లో 16 మ్యాచ్‌లూ ఓడిపోయింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌దీ అచ్చంగా అదే కథ, 4-0 తర్వాత 0-16.

ఇప్పుడు నేను చేసే పని చెప్తాను. నోట్‌బుక్‌లో ఆటగాడి పేరు పక్కన ముందు మూడే రాసుకుంటాను: ఏ క్వార్టర్‌లో ఆడాడు, పక్కన ఎవరు, ఎదురుగా ఎవరు. ఎన్ని స్నాప్‌లు, అంటే బంతి ఆటలోకి వచ్చిన ఎన్ని సార్లు, ఆడాడన్నది మ్యాచ్ తర్వాత వచ్చే అధికారిక గేమ్‌బుక్‌లో దొరుకుతుంది, అది చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయను. పది స్నాప్‌లు ఆడినవాడిని, నలభై ఆడినవాడిని ఒకే తక్కెడలో ఎలా తూస్తాం? ఆ తర్వాత రికార్డింగ్ పెట్టుకుని బంతిని వదిలేస్తాను. ఇది కష్టం, కళ్లు వాటంతట అవే బంతి వెంట పోతాయి. అయినా ఒక డ్రైవ్ మొత్తం, అంటే జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపూ, క్వార్టర్‌బ్యాక్‌ని ఎడమవైపు కాపాడే లెఫ్ట్ ట్యాకిల్‌ని మాత్రమే చూడు. స్నాప్ అవగానే అతని మొదటి అడుగు వెనక్కి ఎంత తేలిగ్గా పడుతోంది, చేతులు అవతలివాడి ఛాతీ మీద పడుతున్నాయా లేక భుజాల బయటికి జారిపోతున్నాయా, మొదటిసారి అవతలివాడి ఒక ఎత్తుగడకి ఓడిపోయినవాడు అదే ఎత్తుగడ రెండోసారి వచ్చినప్పుడు ఏం చేశాడు. ఈ చివరిదే నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే కోచ్‌లు వెతికేది నేర్చుకునేవాడినే. నీ వ్యాసంలో క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే అఫెన్సివ్ లైన్ ఐదుగురికీ కలిపి ఒక్క వాక్యం దక్కింది. నువ్వు పొగిడిన క్వార్టర్‌బ్యాక్‌కి ఆ మూడు సెకన్లు ఇచ్చింది వాళ్లే.

ఇక ఆ కార్నర్‌బ్యాక్, అంటే పాస్ అందుకునేవాళ్లని కాపలా కాసే డిఫెన్స్ కుర్రాడి సంగతి. "చెత్తగా ఆడాడు" అని రాశావు. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక కుర్రాడి గురించి ఇలాంటి మాటే రాశాను. అతని తల మీదుగా బంతి వెళ్లి టచ్‌డౌన్ అయింది, టీవీలో కనిపించింది అంతే. రెండు రోజుల తర్వాత, మైదానంలోని ఇరవై రెండు మందీ కనిపించే కోచ్‌ల ఫిల్మ్ చూస్తే అర్థమైంది, లోపలి వైపు సాయం రావాల్సిన సేఫ్టీ, అంటే వెనకాల కాపు కాసే డిఫెన్స్ ఆటగాడు, తప్పు దిక్కుకి పరిగెత్తాడు, ఈ కుర్రాడు తన పని తను సరిగ్గానే చేశాడు. దిద్దుబాటు రాశాను గానీ అప్పటికే అతన్ని తీసేశారు. నా రాత వల్ల తీసేశారని కాదు, కోచ్‌లు మన రాతలు చూసి నిర్ణయాలు తీసుకోరు. కానీ వాళ్లమ్మో తమ్ముడో అది చదివి ఉంటారన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. క్యాంపులో ఒక్కో జట్టుకి 90 మంది, సీజన్‌కి మిగిలేది 53 మంది. జట్టుతో పాటు సాధన మాత్రం చేసే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఇంకో 16 మందికి చోటు దొరుకుతుంది, మిగతావాళ్లు సామాను సర్దుకోవాల్సిందే. అలాంటివాడి గురించి రాసేటప్పుడు ఏ స్నాప్‌లో ఏం తప్పు జరిగిందో రాయి, నిర్మొహమాటంగా రాయి, మనిషిని మాత్రం ఒక్క మాటతో కొట్టిపారేయకు.

బంతిని అవతలి జట్టు వైపు తన్నే కిక్‌ఆఫ్‌లప్పుడు లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లకు. 1995 ఆగస్టులో టోక్యోలో డెన్వర్ బ్రాంకోస్, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ ప్రీసీజన్ మ్యాచ్ ఆడాయి. కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండులో డెన్వర్ తీసుకున్న, బంతితో పరిగెత్తే ఒక రన్నింగ్ బ్యాక్, క్యాంపు వదిలేసి ఇంటికెళ్లిపోదామా అనుకుంటున్నవాడు, కిక్‌ఆఫ్‌లో పరిగెత్తుకెళ్లి బంతి పట్టుకుని వస్తున్న రిటర్నర్‌ని గట్టిగా పడేశాడు. కోచ్‌ల చూపు అక్కడే అతని మీద పడింది. అతను టెరెల్ డేవిస్. 1998లో 2,008 గజాలు పరిగెత్తాడు, 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ఆ రాత్రి బంతితో ఎన్ని గజాలు పరిగెత్తాడో మాత్రమే లెక్కపెట్టి మార్కులు వేసినవాడికి అతను కనిపించి ఉండడు.

అలాగని టచ్‌డౌన్లన్నీ ఉత్తివే అనుకోకు. 2010లో విక్టర్ క్రూజ్, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు, జెట్స్ మీద ప్రీసీజన్ మ్యాచ్‌లో జెయింట్స్ తరఫున మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆ సీజన్‌లో గాయం వల్ల అతనికి ఒక్క క్యాచ్ కూడా లేదు. మరుసటి ఏడు పాస్‌లు అందుకుని 1,536 గజాలు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలుపు కూడా. ఆ రాత్రి చూసి గొప్పవాడన్నవాళ్లది నిజమే అయింది, కాకపోతే ఏడాది ఆగాల్సి వచ్చింది. అందుకే నేను "నాకు కనిపించింది ఇది, వచ్చే వారం ఇది చూడాలి" అని రాస్తాను. ప్రీసీజన్‌లో అంతకు మించి తెలిసేది తక్కువ.

భాష గురించి ఒక్క మాట. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన ఇళ్ల మధ్యనే డల్లాస్ కౌబాయ్స్ జట్టు హెడ్‌క్వార్టర్స్ ఉన్నా, మనవాళ్లలో చాలామందికి డౌన్ అంటే ఏమిటో తెలియదు. పది గజాలకి నాలుగు ప్రయత్నాలని ఒక్కసారి చెప్పి ముందుకెళ్లు, క్వార్టర్‌బ్యాక్‌ని క్వార్టర్‌బ్యాక్ అనే రాయి, కొత్త తెలుగు పేర్లు పుట్టించకు. నువ్వు వాక్యం బాగా రాస్తావు, అందులో నాకు అనుమానమే లేదు.

వచ్చే శనివారం మ్యాచ్‌కి ఒక్క ఆటగాడినే ఎంచుకో, రెండో వరస లెఫ్ట్ ట్యాకిల్ అయితే ఇంకా మంచిది, అతను ఆడిన ప్రతి స్నాప్‌నీ రాసుకో. వ్యాసం వద్దు, ఆ నోట్స్ పేజీలే ఫొటో తీసి ఆదివారం పంపించు, కూర్చుని ఇద్దరం చూద్దాం.

మీ అన్నయ్య