బురానో లేసు కొక్కెం సూదితో వస్తుందా?

ప్రశ్న: మాది ఇంటింటా క్రోషా లేసు అల్లే ఊరు. ఇటలీలో వెనిస్ పక్కన ఉన్న బురానో లేసు ఫొటో చూపించి, అలాంటి ఆకు అల్లిపెట్టమన్నారు. ఎంత సన్నదారం వాడినా ఆ పలుచదనం రావడం లేదు. ఎక్కడ తప్పుతోంది?
- ఒక పాఠకురాలు, మొగల్తూరు

జవాబు: తప్పు మీ చేతిది కాదమ్మా, సూదిది. బురానో లేసుకు కొక్కెం సూది పనికిరాదు. అది మామూలు కుట్టుసూదితో, మన టైలర్లు వేసే కాజా కుట్టుతో చేసే పని. అడుగున గుడ్డ మిగలదు కాబట్టి అక్కడివాళ్లు 'పుంతో ఇన్ ఆరియా', అంటే గాలిలో కుట్టు అంటారు.

వేలెడు ఆకుతో మొదలుపెట్టండి. ముదురురంగు దళసరి కాగితం మీద బొమ్మ గీసి, కింద రెండు పొరల నూలుగుడ్డ పెట్టి చుట్టూ కచ్చా కుట్టు వేయండి. గీత వెంట రెండు పోగులు పరిచి, రెండు మూడు మిల్లీమీటర్లకొక టాకా చొప్పున కాగితం, రెండు గుడ్డలూ కలిసేలా బిగించండి. టాకాలు దూరమైతే ఆకు అంచు వంకరపోతుంది. ఇక లోపలంతా కాజా కుట్టే. మొదటి వరస గీత పోగుకు, తర్వాతి వరస పైవరస ఉచ్చులకు వేలాడాలి. ఒత్తుగా వేస్తే రేకు, ఎడంగా వేస్తే వల. సూది మొన గుడ్డలో దిగిందా, విడదీసేటప్పుడు అక్కడ చిల్లే. అందుకే సూదిని బెజ్జం వైపు నుంచి దూర్చండి. చివర రెండు గుడ్డల మధ్య కత్తెర పెట్టి టాకాలు కోస్తే లేసు ఊడివస్తుంది. దారం బిగలాగి ఉంటే అప్పుడు ముడుచుకుంటుంది. కాగితం మీద ఉన్నంతసేపూ ఆ సంగతి తెలియదు.

క్రోషా ధరకు మాత్రం ఈ పని ఒప్పుకోకండి. బురానోలో ఒక్కొక్కరు ఒక్కో దశే నేర్చేవారు, ఒక్క లేసు అన్ని చేతులూ మారేది. మన నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అడిగినవాళ్లకు ముందు అదే చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి వెనిస్ వెళ్తున్నాడు. అసలు బురానో లేసును ఎలా పోల్చుకోవాలి?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వెనిస్‌లోని ఫొందమెంతె నొవె రేవులో 12వ నంబరు పడవ ఎక్కితే బురానో దీవికి ముప్పావుగంట ప్రయాణం. కొట్లకన్నా ముందు గలుప్పి చౌకులోని లేసు మ్యూజియం చూడమనండి. ఒకప్పుడు అదే లేసు బడి. చలికి నీళ్లు గడ్డకట్టి జాలర్లు పస్తులున్న ఏడాది, 1872లో పెట్టారు. అప్పటికి పాత కుట్టు బాగా వచ్చిన ముసలమ్మ చెంచా స్కార్పరియోలా ఒక్కతే. ఆమె దగ్గరే మళ్లీ నేర్చుకున్నారు. బడి 1970లో మూతపడింది. అక్కడ అసలుది చూశాక, కొట్లో లేసు చేతికి తీసుకుని ఒకే పువ్వు రెండుచోట్ల పోల్చాలి. పోగు పోగూ అచ్చుగుద్దినట్టుంటే మిషను లేసే. గుమ్మాలకు వేలాడదీసిన చవక టేబుల్‌క్లాత్‌లు చాలావరకు అవే.