మస్టాంగ్ కోసం 401(కె) అప్పు ఎందుకు?

ప్రశ్న: డాలస్‌లో హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. నా దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే ఉంది. 289 ఇంజిన్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఆటోక్రాస్‌కీ (కోన్ల మధ్య టైం పెట్టి నడిపే పోటీ), మామూలుగా రోడ్డు మీద తిరగడానికీ పనికొచ్చేలా చేయించాలి. ఎమర్జెన్సీ ఫండ్ పోను 9 వేల డాలర్లు ఉన్నాయి. కొత్త ఇంజిన్‌కి 401(కె) (ఉద్యోగంలో కూడబెట్టే రిటైర్మెంట్ ఖాతా) నుంచి 25 వేలు అప్పు తీసుకోవచ్చా? బిగింపు పనులు నేనే చేసుకుంటాను.

జవాబు: రూల్ ఒప్పుకుంటుంది. మీ పేర వెస్ట్ అయిన (పూర్తిగా మీ సొంతమైన) సొమ్ములో సగం లేదా 50 వేలు, ఏది తక్కువైతే అంతవరకు తీసుకుని ఐదేళ్లలో తీర్చాలి. అయినా మీకు వద్దంటాను. "వడ్డీ మన ఖాతాకే కదా" అనుకుంటారు గానీ, ఉద్యోగం పోతే కథ మారుతుంది. మిగిలిన బాకీని మరుసటి ఏడు ట్యాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే అది ఆదాయం కింద లెక్క. 59½ ఏళ్లు నిండనివాళ్లకు సాధారణంగా పైన 10 శాతం పెనాల్టీ. హెచ్‌-1బీ గ్రేస్ పీరియడ్ మహా అయితే 60 రోజులు. అప్పుడు ఈ బాకీ కూడా నెత్తిన ఎందుకు?

పైగా ఇంజిన్‌తో పనేముంది? కోన్ల మధ్య నిమిషం అటూ ఇటూ సాగే పరుగు, చాలావరకు సెకండ్ గేరే. ఉన్న 289 చాలు.

పార్టులు కొనేముందు ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జల్లెడ, అంటే కౌల్ గ్రిల్‌లో బకెట్ నీళ్లు పోసి, లోపల కాళ్ల దగ్గర తడి వస్తుందేమో చూడండి. వస్తే లోపల తుప్పు తినేసినట్టే. షాక్ టవర్ల (ముందు సస్పెన్షన్‌ని మోసే రేకు గూళ్లు) పగుళ్లు, టార్క్ బాక్సులు (నేల కింద బాడీకి బలమిచ్చే పెట్టెలు) కూడా చూడండి. వీటి రిపేర్ల కోసం 3 వేలు ముట్టకుండా ఉంచండి.

మిగతా 6 వేలలో మొదటి వాటా బ్రేకులది, సుమారు 1,500. మీ కారు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే భాగం) ఒకటే గది, ఒక్కచోట లీకైతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు గదులది వేసి, ముందు డిస్కులు, వెనక బ్రేకులకి వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టండి. వాల్వ్ మానేస్తే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాకై కారు గిర్రున తిరిగి మొహం వెనక్కి వచ్చేస్తుంది. నడుం బెల్టుల బదులు మూడు పాయింట్లవి, 400.

సస్పెన్షన్‌లో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చేది షెల్బీ డ్రాప్. పై కంట్రోల్ ఆర్మ్ (ముందు చక్రాన్ని బాడీకి కలిపే చేయి) రంధ్రాలను అంగుళం కిందికి, అంగుళంలో ఎనిమిదో వంతు వెనక్కి కొత్తగా వేయడమే. ఖర్చు టెంప్లేట్, డ్రిల్ బిట్. మలుపులో బయటి టైరు అంచు మీద నడవడం తగ్గుతుంది. స్ప్రింగులు, షాకులు, మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే అంగుళం స్వే బార్ కలిపి 1,500. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పదు: క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) మైనస్ 1, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలడం) ప్లస్ 3 డిగ్రీలు. స్టీరింగ్‌లో అరిగిన పార్టుల మార్పుతో కలిపి 800.

17 అంగుళాల చక్రాలు, టైర్లు 1,800. ఆటోక్రాస్ నడిపే క్లబ్ ఎస్‌సీసీఏలో అమెరికన్ కార్ల క్యామ్ క్లాసుకి ట్రెడ్‌వేర్ (టైరు మీద ఉండే అరుగుదల అంకె) 200కి తగ్గకూడదు. ఫెండర్‌కి రాసుకోకుండా బ్యాక్‌స్పేసింగ్ (బిగించే చోటు నుంచి చక్రం లోపలి అంచుకి దూరం) కొలిచాకే ఆర్డరివ్వండి.

ఇన్సూరెన్స్‌లో "అగ్రీడ్ వాల్యూ" పాలసీ (కారు విలువ ముందే ఒప్పుకుని రాసేది) అడగండి. "స్టేటెడ్ వాల్యూ" అంటే క్లెయిమ్ రోజున తక్కువ కట్టే అవకాశం కంపెనీకి ఉంటుంది. పాత కార్లకిచ్చే కలెక్టర్ పాలసీలు చాలావరకు రోజూ ఆఫీసుకి నడపడాన్నీ, టైం పెట్టి పరుగెత్తే ఈవెంట్లనూ మినహాయిస్తాయి. ఆటోక్రాస్ సంగతి ముందే చెప్పి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి, పార్టుల రశీదులు ఫోటోలతో సహా దాచండి.